తునికాకు నెలలో ఇచ్చిన మాత్రలు

ముప్పై ఏళ్ళకు పైగా వరంగల్‌లోని ఒక పెద్ద సర్కారు దవాఖానలో కిటికీ వెనక నిలబడి మందులు ఇచ్చాను. ఇప్పుడు అదే పని చేస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. చాయ్ తాగుతూ, మీ కాలంలో ఎట్లా ఉండేది సార్ అని అడుగుతారు. నేను వాళ్ళకు చెప్పే కబుర్లన్నీ నేను గెలిచినవే. వాంతులు విరేచనాలు ఊళ్ళను ఊపేసిన ఎండాకాలం ఎట్లా నిద్ర లేకుండా పనిచేశామో చెబుతాను. పెద్ద డాక్టరు రాసిన తప్పు చీటీని నేను ఎట్లా పట్టుకున్నానో చెబుతాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. సిగ్గు వల్ల చెప్పలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, అది భయం. ఇంకా పోలేదు.

డెబ్బైల చివరి రోజుల మాట. అప్పట్లో మాత్రలు ఇప్పటిలా రేకు అట్టల్లో వచ్చేవి కావు. వెయ్యేసి మాత్రల డబ్బాలు వచ్చేవి. పళ్ళెంలో పోసుకుని, లెక్కపెట్టి, పాత పేపరు ముక్కల్లో పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళం. పొట్లం మీద మందు పేరు లేదు, మనిషి పేరు లేదు. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి అని నోటితో చెప్పడమే. ప్రమాదకరమైన మందులకు తాళం వేసిన బీరువా ఒకటి ఉండేది. తాళంచెవి నా మొలతాడుకే. ఆ బీరువా లోపల ఉన్నవాటికి భయపడాలి, బయట అరల్లో ఉన్నవి ఎవరినీ ఏమీ చేయవు అని నా గట్టి నమ్మకం. మనసు కుంగిపోయినవాళ్ళకు ఇచ్చే మాత్రలు అప్పుడప్పుడే మా దగ్గరికి రావడం మొదలైంది. వాటిని విటమిన్ల డబ్బా పక్కన పెట్టాను. లోపల పెట్టమని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇక మా స్టోర్ కీపర్ సంగతి చెప్పాలి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. దవాఖాన మందులను సొంత ఇంటి బియ్యంలా కాపాడే మనిషి. స్టాక్ కాస్త తగ్గిందంటే చాలు, "తమ్మీ, జర సంభాళించి ఇయ్యి. ఎవ్వలకైనా వారానికే," అని కబురు పంపేవాడు. డాక్టర్లకు కూడా అది అలవాటైపోయి, చీటీ మీద వాళ్ళే 'వారానికే' అని రాసేవారు. అట్లా మా దవాఖానలో ఆ మాటకు ఒకటే అర్థం స్థిరపడింది: డబ్బాలో మందు తక్కువుంది. కొత్త డబ్బా వచ్చిందంటే ఆ మాటను మేం పట్టించుకునేవాళ్ళం కాదు. దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఎవరినీ అడగకుండానే నెలకు కట్టి ఇచ్చేవాణ్ణి. వర్ధన్నపేట, నెక్కొండ దిక్కు నుంచి వచ్చే రైతులు చేతులెత్తి మొక్కేవారు. నాకు ఆ మొక్కులు బాగా ఇష్టం. ఆ ఇష్టమే నన్ను ముంచింది.

ఆ ఏడాదే మానసిక రోగాలకు ఒక డాక్టరు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నాకంటే రెండేళ్ళు చిన్న, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. మంగళవారం మంగళవారం వరండా చివరి గదిలో కూర్చునేవాడు. జనం దాన్ని పిచ్చి డాక్టరు గది అనేవారు. ఎవరైనా చూస్తారేమోనని కొంగు ముఖం మీదికి లాక్కుని ఆ గదిలోకి వెళ్ళేవారు. ఆయన కూడా కొన్ని చీటీల మీద 'వారానికి మాత్రమే' అని రాసి కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసేవాడు. కొత్త డాక్టరు గారికి ఎర్ర సిరా మీద మోజు అని నేనూ స్టోర్ కీపరూ నవ్వుకున్నాం.

ఎండాకాలంలో ఒక మంగళవారం, ములుగు అవతల అడవి పక్క ఊరి నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. కాన్పు అయిన దగ్గర్నుంచీ తిండి లేదు, నిద్ర లేదు, గోడ వైపు తిరిగి కూర్చుంటుందట. అప్పటికి పాపకు పదకొండు నెలలు. అత్త చీటీ కిటికీలో పెట్టింది. రెండు ఎర్ర గీతలు నాకు స్పష్టంగా కనిపించాయి.

"వారం మందులిస్త. మళ్ళ మంగళారం రాండ్రి," అన్నాను.

"సారూ, రేపటి సంది తునికాకు మొదలైతాంది," అంది అత్త. "నెల రోజులు తెల్లారకముందే అడివిల ఉంటం. ఆ బీడీల ఆకు కోస్తెనే మాకు ఏడాది ఎల్తది. వారం వారం గింత దూరం ఎట్ల వస్తం? నీ కాల్మొక్త, నెలకియ్యి."

కొత్త డబ్బా ముందురోజే వచ్చింది. మూత తీసి నిండుగా ఉన్న మాత్రలను చూసి, ఎర్ర గీతలకు ఇక పని లేదనుకున్నాను. నాలుగు వారాలకు నాలుగు పొట్లాలు కట్టాను. అత్త వాటిని రెండు చేతులతో కళ్ళకద్దుకుని, "నీ కడుపు సల్లగుండ," అంది. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న కోడలు తలెత్తింది. నన్ను చూడలేదు. ఆ పొట్లాలను చూసింది. మందు మీద నమ్మకం కుదిరినట్టుంది, మంచి గుర్తే అనుకున్నాను.

రెండు మంగళవారాలు గడిచాయి. ఆ రెండో మంగళవారం పొద్దున పది దాటాక డాక్టరు తన గది వదిలి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. అట్లా రావడం అదే మొదటిసారి.

"ములుగు నుంచి వచ్చిన ఆ అమ్మాయి పోయిన వారం రాలేదు. ఇవాళా రాలేదు. మందు అయిపోయి వారం అయి ఉంటుంది."

"ఫికర్ చేయకుండ్రి సార్. నేను నెలకు ఇచ్చిన," అన్నాను. గొప్పగానే అన్నాను.

"ఎర్ర గీతలు చూడలేదా?"

"చూసిన సార్. స్టాక్ తక్కువుందని రాసిన్రనుకున్న. ముందురోజే డబ్బా వచ్చింది గదా."

ఆయన లోపలికి వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"స్టాక్ గురించి కాదండీ. అత్తగారిని బయటికి పంపి అడిగాను. చచ్చిపోవాలని ఉందని ఆ అమ్మాయి నాతో చెప్పింది. అందుకే వారానికి రాశాను. ఈ మందు రోజు ప్రకారం వేసుకుంటే మనిషిని నిలబెడుతుంది. అన్నీ ఒక్కసారే మింగితే గుండె ఆగుతుంది. అట్లా మింగినవాళ్ళను బతికించే ఏర్పాటు ఇక్కడ మన దగ్గర లేదు." ఆయన నా అరల్లో ఉన్న డబ్బా వైపు చూశాడు, అది విటమిన్ల పక్కన ఉంది. "ఇంకో సంగతి. ఇది మనసుకు పట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాళ్ళూ చేతులూ ముందు లేస్తాయి. మనసు ఇంకా లేవదు. ఒంట్లో శక్తి వచ్చి దిగులు పోని రోజులు ఉంటాయే, అవే ఇవి."

నా చేతిలో మాత్రల పళ్ళెం ఉంది. దాన్ని పక్కన పెట్టాను.

ఆ ఊళ్ళో ఫోను లేదు. ములుగులో ఉన్న ఫోనుకు చేసినా అడవి పక్క ఊరికి వెళ్ళి చెప్పేవాళ్ళు లేరు. నేను వెళ్తాను అన్నాను. ఆమెను తీసుకొస్తే వెంటనే వార్డులో చేర్చుకోమని డాక్టరు కాగితం రాసిచ్చాడు. బయటికి వస్తుంటే స్టోర్ కీపర్ నన్ను పక్కకు లాగాడు. పొద్దుటి మాటలన్నీ ఆయన విన్నాడు.

"తమ్మీ, పోతె పో. గని ముందుగాల రిజిస్టర్ల వారం వారం తీస్కపోయినట్టు వేరే వేరే తేదీలేసి రాసి పో. ఏమన్నైతె నీ కొలువు పోతది. పిల్లలుగల్లోనివి."

ఆయన చెడ్డవాడు కాదు, నా మీద ప్రేమతోనే అన్నాడు. నేను ఏం చేశానో కూడా రాయాలి కదా. కలం తీసి, సిరాలో ముంచి, రిజిస్టరు తెరిచాను. పోయిన మంగళవారం తేదీ వేసి ఒక వారం మందు ఇచ్చినట్టు రాశాను. రెండోది రాయబోతూ కలం అక్కడే పారేసి పరుగెత్తాను. ఆ ఒక్క దొంగ తేదీ ఆ రిజిస్టర్లో చాలాకాలం ఉండిపోయింది.

హన్మకొండ చౌరస్తాలో ఎర్ర బస్సెక్కాను. అప్పటి రోడ్డు, అప్పటి బస్సు. ప్రతి ఊళ్ళో ఆగింది. ఎక్కేవాళ్ళు కోళ్ళ గంపలతో, గోనె సంచులతో ఎక్కారు. కండక్టర్ ఎవరితోనో పెళ్ళి ముచ్చట్లు చెబుతున్నాడు. నేను మాత్రం నాలుగు పొట్లాల్లో ఎన్ని మాత్రలున్నాయో మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఇన్ని రోజుల్లో ఇన్ని మింగి ఉంటుంది, ఇన్ని మిగిలి ఉంటాయి, మిగిలినవి చాలుతాయా చాలవా. ఒకసారి చాలవని తేలేది, ప్రాణం కాస్త కుదుటపడేది. మళ్ళీ లెక్కేస్తే చాలుతాయని తేలేది. నా ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు, ఆ పదకొండు నెలల పాప గుర్తొచ్చింది. నేను అంతకుముందు నెలల్లో ఇంకెవరెవరికి అట్లా కట్టి ఇచ్చానో వాళ్ళూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

ములుగులో దిగేసరికి నడి మధ్యాహ్నం దాటింది. ఆకు కట్టలు ఆరబోసే కల్లానికి పోయే లారీ ఒకటి నన్ను మలుపు దాకా దింపింది. అక్కడి నుంచి బండ్ల బాట. ఎండకు కళ్ళు మూతలు పడుతున్నా నడిచాను. ఊరు కనిపించగానే ఎదురొచ్చిన ముసలాయనను ఇల్లు అడిగాను. చెయ్యి చూపించాడు. ఆ ఇంటి ముందు పందిరి కింద పది పన్నెండు మంది గుమిగూడి కూర్చున్నారు. తలలు వంచుకుని ఉన్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు.

అక్కడే, బాట మధ్యలో కూర్చుండిపోయాను. వెనక్కి పోదామన్న ఆలోచన కూడా వచ్చింది. నన్ను ఇంకా ఎవరూ చూడలేదు కదా అనుకున్నాను. ఆ మాట ఇన్నేళ్ళకు రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది.

తర్వాత వాళ్ళ చేతులు కదలడం కనిపించింది. ఆకు కడుతున్నారు. కట్టకు యాభై ఆకులు, నోట్లో లెక్క తప్పకుండా ఉండడానికి ఎవరూ మాట్లాడరట. అది నాకు తర్వాత చెప్పారు.

అత్త నన్ను గుర్తుపట్టి లేచింది. "అయ్యో, దవాఖాన సారు. గింత ఎండల వచ్చిన్రేంది?" మంచం వాల్చింది, నీళ్ళిచ్చింది. "నీ మందు మస్తు పనిజేసింది సారూ. నాలుగొద్దుల సంది లేచి తిరుగుతాంది. ఇల్లు అలికింది. నా చీరెలన్ని ఉతికింది. పిల్లకు తానం పోసి నూనె వెట్టి జుట్టు దువ్వింది. మేం ఫికర్ జేసుడు బందు వెట్టినం."

కోడలు గడపలో నిలబడి ఉంది. తల దువ్వుకుంది. ముఖం ప్రశాంతంగా ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. డాక్టరు అనవసరంగా భయపెట్టాడు, నా మందు పనిచేసింది అనుకున్నాను. మళ్ళీ ఆ గొప్పే.

"మందు నువ్వే ఇస్తన్నవా అవ్వా?" అని అడిగాను.

"నేనేడుంట సారూ. తెల్లారకముందే అడివికి పోతి. ఆమెకే ఇచ్చిన, ఆమే మింగుతాంది."

"ఒకసారి చెల్లెను తెమ్మను. మిగిలినయి చూసి పోత," అన్నాను.

కోడలు కదల్లేదు. అత్త రెండుసార్లు చెప్పాక లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. నేను మంచం మీంచి లేచి గడప దాకా వెళ్ళాను. వచ్చింది. చేతిలో పొట్లాలు లేవు. పాత చీర గుడ్డలో చిన్న మూట ఉంది. అత్త చాటలో దాన్ని విప్పింది. నాలుగు పొట్లాలూ విప్పేసి మాత్రలన్నీ ఒకచోట పోసి ఉన్నాయి.

నేల మీద కూర్చుని లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. నేను ఆ రోజు డబ్బాలోంచి తీసినవి ఎన్నో, చాటలో అన్నే ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గలేదు.

అత్త వంగి చూస్తూ నవ్వుతోంది. "ఇన్ని మిగిలినయా? మింగకుండనే బాగైందా ఏంది, పిస్సదానా?" అని కోడలి భుజం తట్టింది. "రేపటి సంది పిల్లను గూడ నాతోనే అడివికి తోల్కపొమ్మన్నది సారూ. ఒక్కతే ఉంటదంట, ఇంట్ల పనున్నదంట."

నేను తలెత్తి కోడలి వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. కిటికీ దగ్గర ఒక్కసారి కూడా నన్ను చూడని మనిషి.

"నువ్వొస్తవనుకోలే," అంది, మెల్లగా, అత్తకు వినపడకుండా.

పందిరి కింద మనుషులు ఆకు కడుతూనే ఉన్నారు. నేను మాత్రలన్నీ జేబురుమాలులో కట్టుకున్నాను. కట్టాక చాట తిరగేసి దులిపాను, ఇంట్లోకి పోయి ఆమె మూట తీసిన చోట చేత్తో తడిమాను. ఆమె భర్త కల్లం దగ్గర ఉన్నాడు. అతనికి కబురంపి, డాక్టరు మళ్ళీ చూడాలన్నాడని మాత్రం చెప్పి, అత్తనూ కోడలినీ పాపనూ వెంటబెట్టుకుని ఆ సాయంత్రపు బస్సే ఎక్కాను. అత్తకు దారిలో నిజం చెప్పాను. ఆమె కోడలి చెయ్యి పట్టుకుని హన్మకొండ దాకా వదల్లేదు. నేనూ కిటికీ వైపు సీట్లో ఆ అమ్మాయిని కూర్చోనివ్వలేదు. నాకప్పుడు ప్రతిదీ భయమే.

వార్డులో చేర్చాక డాక్టరు మందు రాశాడు. చీటీ చూసి నాకు కోపం వచ్చింది. "మళ్ళ గదే మాత్రనా సార్?"

"అదే. ఆమెకు కావలసింది అదే. ఆమె ఇంకా ఒక్కటి కూడా వేసుకోలేదు కదా. అది ఎవరి చేతిలో ఉండాలన్నదే మనం మార్చాల్సింది," అన్నాడాయన.

అప్పటి నుంచి మాత్రలు అత్త నడుముకు కట్టుకున్న సంచిలో ఉండేవి. రోజుకు ఎన్ని రాశారో అన్నే ఎదురుగా మింగించి, నోరు తెరిపించి చూసేదట. నాలుగైదు వారాలకు ఆ పిల్ల నిజంగా తేరుకుంది. ఈసారి ఇల్లు అలకలేదు, చీరలు ఉతకలేదు. పాప అన్నం ముద్ద ఊసేస్తే విసుక్కుందట. అత్త ఆ విసుగును నాకు పండగ కబురులా చెప్పింది.

మా దగ్గర కొన్ని మార్పులు జరిగాయి. ఆ డబ్బా బీరువాలోకి వెళ్ళింది. ఎర్ర గీత అంటే ఏమిటో డాక్టరు అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. స్టోర్ కీపర్, స్టాక్ తక్కువైనప్పుడు ఇక ఆ మాట వాడకూడదని ఒప్పుకున్నాడు, గొణుక్కుంటూ అయినా.

నేను మాత్రం రెండో తప్పు చేశాను. పిల్లలూ, ఇది కూడా వినండి. ఆ రోజు తర్వాత నాకు ఆ మందులంటే పాముల్లా కనిపించాయి. దిగులుకూ గాబరాకూ మాత్రలు తీసుకునే ప్రతివాళ్ళతో, "ఇవి మంచియి గావు, జర మానేసెటట్టు చూడు," అని చెవిలో చెప్పడం మొదలుపెట్టాను. బజారులో బట్టల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి, గాబరాకు రెండేళ్ళుగా మాత్ర వేసుకుంటున్నవాడు, నా మాట విని ఒక్కరోజులో బంద్ చేశాడు. వారం తిరగకుండా అతని కొడుకులిద్దరూ రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. ఒళ్ళంతా వణుకు, కంటి మీద కునుకు లేదు. "మీ మాటనే ఇన్న గదా," అన్నాడు నన్ను చూసి. డాక్టరు ఆ రోజు మాత్రం నా మీద గట్టిగా అరిచాడు. అట్లాంటి మందును ఆపాలంటే మెల్లమెల్లగా తగ్గించాలనీ, అది చెప్పాల్సింది తానేననీ, నా భయాన్ని జనానికి పంచిపెట్టొద్దనీ అన్నాడు. అప్పుడు భయాన్ని నా దగ్గరే ఉంచుకోవడం నేర్చుకున్నాను. చీటీలో అర్థం కాని మాట ఉంటే లేచి వెళ్ళి అడగడమూ నేర్చుకున్నాను. వరండా చివరి గది నా కిటికీకి నలభై అడుగుల దూరం. అంతకుముందు ఒక్కసారి కూడా నడవలేదు.

ఆ అమ్మాయి ప్రతి మంగళవారం వచ్చేది. మొదట అత్తతో, తర్వాత మొగుడితో, ఆ తర్వాత ఒక్కతే, చంకలో పాపతో. ఏడాది దాటింది. ఒకరోజు ఆమె చీటీ మీద ఎర్ర గీత లేదు. 'నెలకు' అని ఉంది. నేను చీటీ పట్టుకుని నలభై అడుగులు నడిచి వెళ్ళాను. "నేనే రాశాను. చాలా బాగుంది. ఇవ్వండి," అన్నాడు డాక్టరు నవ్వుతూ.

వచ్చి నాలుగు పొట్లాలు కట్టాను. ఒక్కో పొట్లం రెండుసార్లు లెక్కపెట్టాను. కిటికీలోంచి ఆమె ముందుకు జరిపాను. పాప వాటిని అందుకోబోతే ఆమె ఆ చిన్న చేతిని పట్టుకుని ఆపింది. ఒక పొట్లం తీసుకుంది. మిగిలిన మూడూ నా వైపు తోసింది.

"వారం వారం గింత దూరం ఎందుకమ్మా? డాక్టరు సారు నెలకు రాసిండు. ఇప్పుడు మంచిగున్నవు గదా," అన్నాను.

"మంచిగనే ఉన్న సారూ," అంది. "మంచిగున్నప్పుడే చెప్తాన. వారానికే ఇయ్యి."